ఒక పక్క ముర్రుపాలు

స్టోరిబక్కి, ఉత్తర ఐస్‌లాండ్
జనవరి 12, 1976

శత్రుదేశంలో చదువు వెలగబెడుతున్న మా ఓద్నీకి,

అత్త హల్బేరా రాయడం ఏమనగా, ఇక్కడ నేను, గొర్రెలు, పాత రేడియో అందరం క్షేమం. రేడియో పెడితే చాలు, చేపల గొడవే. మన సముద్రంలో బ్రిటిష్ వాళ్ళ వలలు మన కాపలా ఓడలు కోశాయట, మన ఓడల్ని వాళ్ళ ఓడలు గుద్దాయట. పక్కింటి బెర్గ్‌స్వెయిన్ రోజూ కాఫీకి వచ్చి, "నీ మేనకోడల్ని వెనక్కి పిలిపించు హల్బేరా! బ్రిటిష్ వాళ్ళు మన చేపలన్నీ ఊడ్చేశారు, ఇక మన పిల్లల్ని కూడా ఉంచరు" అంటాడు. ఎడింబరోలో నువ్వు చూసేది చేపల్ని కాదు, గొర్రెల పొదుగుల్ని అని చెప్పినా ఆయనకి ఎక్కదు. భార్య పోయినప్పటినుంచీ ఆయనకి నా వంటింట్లో కూర్చుని ప్రపంచాన్ని చక్కదిద్దడమే పని.

అసలు సంగతి వేరే ఉంది. ఫోనులో చెప్పలేను. మన లైను మీద ఆరిళ్ళవాళ్ళు చెవులు ఆనించుకుని ఉంటారు.

మన గొర్రె మూరా చూలుతో ఉంది. మేలో ఈనే చూలు అయితే నీకు ఉత్తరం ఎందుకు రాస్తాను? అక్టోబరులో, కొండమీద మిగిలిపోయిన గొర్రెలకోసం వెళ్ళిన రెండో వెతుకులాటలో దొరికింది చూడు, అప్పటికే ఎవడిదో తప్పిపోయిన కుర్ర పొట్టేలు దాని వెంటే తిరుగుతోంది. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. నిన్న పశువుల డాక్టరు వచ్చి కడుపు తడిమి చూసి నవ్వాడు. "గడువుకి ముందు పిల్ల వస్తోందమ్మా, మార్చి మధ్యలో" అన్నాడు. లోయంతా నవ్వుకుంటుంది, నవ్వుకోనీ. నా దిగులు అది కాదు. నిరుడు ఎండాకాలం పొదుగువాపు వచ్చి మూరాకి రెండు చన్నులూ బండబారిపోయాయి. చుక్క పాలు రావు. మార్చిలో ఈ లోయలో ఇంకే గొర్రెకీ పాలుండవు. బెర్గ్‌స్వెయిన్ ఆవు కూడా మే దాకా ఈనదు.

ఇంకో మూరాని తెచ్చుకోవచ్చు అంటావేమో. మంద ముందు నడిచే జాతిలో మన దగ్గర మిగిలింది ఆ తల్లీ కూతుళ్ళు, హోసా, మూరా, అంతే. తుఫాను వస్తోందంటే హోసా కొట్టం గడప దాటనని మొరాయిస్తుంది. నా మోకాళ్ళకంటే దానికే ముందు తెలుస్తుంది. ఆ హోసా ముసలిదైపోయింది, ఈ ఏడు ఒట్టిదే. ఇక కట్టదు. మూరా నిరుడు కన్న రెండు పిల్లలూ మూడోనాడు రక్తవిరేచనాలతో పోయాయి. ఈ కడుపులో ఉన్నది కూడా పోతే ఆ వంశం నా చేతిలో ఆరిపోయినట్టే. మా నాన్న చేతిలో ఆరలేదు, తాత చేతిలో ఆరలేదు.

నువ్వు ముర్రుపాల మీద చదువుతున్నావు కదా. ఏదైనా చెప్పు.

నీ అత్త
హల్బేరా

తా.క. నీలం స్వెట్టరు మోచేతులు చిరిగాయని రాశావు. ఊలు పంపుతున్నాను. అల్లుకో, బద్ధకించకు.


ఎడింబరో
జనవరి 23

అత్తా,

ఊలు అందింది. ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది, రెండోసారి రాలేదు.

ముందు ఒక ప్రశ్న. నిరుడు మే నెలలో గొర్రెలు ఈనినప్పుడు ఫ్రీజర్లో ముర్రుపాలు దాచమని నీకు చెప్పాను. రెండు సీసాలు దాచానని నువ్వే రాశావు. అవి ఉంటే ఇక ఏ బాధా లేదు. గోరువెచ్చని నీళ్ళలో కరిగించి పుట్టిన గంటలోపే పట్టెయ్. పొడిపాలు మాత్రం మొదటిరోజు వద్దు. ఆకలి తీరుస్తాయి గానీ రోగాన్ని ఆపలేవు. గొర్రెపిల్ల ఒట్టి చేతులతో పుడుతుంది అత్తా. రోగాలను ఎదిరించే యాంటీబాడీలు ఒక్కటి కూడా తల్లి కడుపులో దానికి అందవు. అన్నీ ముర్రుపాలలోనే రావాలి. అవీ ఒక్కరోజులోపే. ఆ తర్వాత పిల్ల పేగు వాటిని లోపలికి రానివ్వదు.

ఒకవేళ సీసాలు చాలకపోతే ఇంకో దారి ఉంది, హోసా. మేం ఇక్కడ సరిగ్గా అదే చేస్తున్నాం. చూలు నిలిపే హార్మోను ఒకటి, ఎద తెప్పించేది ఇంకొకటి, రెండూ వారం రోజులు సూదుల్లో ఇస్తే, పొదుగు తాను ఈనబోతున్నానని అనుకుని నిండుతుంది. నెత్తురులోని యాంటీబాడీలు పొదుగులోకి దిగుతాయి. ఒట్టి ఆడదాన్ని కూడా తల్లిని చెయ్యొచ్చు, సూదులుంటే చాలు! మా ప్రొఫెసరు ఈ మాట అన్నప్పుడు నేనూ నమ్మలేదు. ఇప్పుడు కళ్ళారా చూస్తున్నాను.

అన్ని గొర్రెల్లో కుదరడం లేదనుకో. సగం గొర్రెల్లో యాంటీబాడీలు దిగే దారి మధ్యలోనే మూసుకుపోతోంది. ఎందుకో తెలియక తలలు పట్టుకుంటున్నాం. కానీ హోసా మొండిది, చూద్దాం.

చేపల గొడవ గురించి బెర్గ్‌స్వెయిన్ బాబాయికి చెప్పు, నేనున్న ఇంటావిడ రోజూ చేపముక్క పెట్టి, "మీ సముద్రానిదే, తిను" అని వెక్కిరిస్తోంది. తింటున్నాను.

ప్రేమతో
ఓద్నీ


స్టోరిబక్కి
ఫిబ్రవరి 3

మేనకోడలికి,

సీసాలు లేవు.

క్రిస్మస్‌కి జున్ను వండాను. బెర్గ్‌స్వెయిన్ వచ్చాడు, మంచు పడుతోంది, రేడియోలో కీర్తనలు వస్తున్నాయి. ఆయన భార్య చేసే జున్ను గుర్తొస్తోందని కళ్ళు తుడుచుకున్నాడు. నేనేం చెయ్యను, రెండు సీసాలూ కరిగించి, దాల్చినచెక్క పొడి చల్లి పెట్టేశాను. పళ్ళెం నాకి మరీ లేచాడు. ముర్రుపాలు కనిపిస్తే ఈ లోయలో జున్ను కాకుండా ఎప్పుడైనా మిగిలాయా?

ఇక రెండో సంగతి. నాకు చదువు తక్కువే గానీ చదవడం వచ్చు. "ఒట్టి ఆడదాన్ని కూడా తల్లిని చెయ్యొచ్చు, సూదులుంటే చాలు" అని రాశావు. దాన్ని పొయ్యి దగ్గర కూర్చుని చదివాను, పశువుల దగ్గర కూర్చుని చదివాను. ఒట్టి ఆడది అనే మాట నాకు కొత్త కాదు. చర్చి దగ్గర ఆడవాళ్ళు గొంతు తగ్గించి అనుకునే మాటే అది. నీ చేత్తో రాసి పంపుతావని మాత్రం అనుకోలేదు. మీ నాన్న బోటు మునిగినప్పుడు, మీ అమ్మ క్షయ ఆస్పత్రిలో ఉన్నప్పుడు, నెలల పిల్లవి నిన్ను తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. నాకెవరు సూదులు వేశారు? సీసాపాలు పట్టాను. ముర్రుపాలు లేవు, గిర్రుపాలు లేవు. ఏం, నువ్వు బతకలేదా? అంటే ముర్రుపాల గురించి నువ్వు చెప్పేదంతా ఉత్తిదే కదా?

హోసాకి ఆ ఇంగ్లీషు సూదులు వద్దు. అది ఒట్టిగా ఉండదలచుకుంటే ఉండనీ. ఆ మందులన్నీ పాలలోకి వచ్చి పిల్ల కడుపులోకి వెళ్తే ఇంకేమైనా ఉందా?

మూరా బాగానే తింటోంది. కడుపు ఎడమవైపు దిగింది, ఆడపిల్లే అనుకుంటున్నాను.

హల్బేరా


ఎడింబరో
ఫిబ్రవరి 12

నా బంగారు అత్తకి,

కోపంలో కూడా తారీకు వెయ్యడం మర్చిపోలేదు, అదే నా ధైర్యం.

అత్తా, నేను అన్నది గొర్రెని. ఇక్కడ పొద్దస్తమానం మేం ఆ మాటే అంటాం, ఒట్టివి ఆ గదిలో, చూలువి ఈ గదిలో అని. పొద్దుటినుంచీ సాయంత్రం దాకా ఆ మాట నోట్లో నానుతుంటే, అది మనుషుల్ని గుచ్చుతుందని మర్చిపోయాను. నిన్ను అంటానా? నిన్ను ఎవరైనా అంటే చర్చి మెట్ల మీదే జుట్టు పట్టుకోనూ? ఎనిమిదేళ్ళప్పుడు పట్టుకున్నాను కూడా, గుర్తుందా, గిల్లీ మరీ వచ్చాను. క్షమించు.

నేను ఎలా బతికానంటావా? మనిషి బిడ్డకి యాంటీబాడీలు కడుపులోనే అందుతాయి. ఆస్పత్రికి పోయే ముందే మా అమ్మ నాకు ఇవ్వాల్సింది ఇచ్చేసింది. మిగిలినదంతా నువ్వే ఇచ్చావు. గొర్రెకి ఆ సౌకర్యం లేదు, అంతే తేడా.

సూదుల మందు పాలలోకి వస్తుందేమో అన్నావు. వారం అయ్యాక ఆపేస్తాం కాబట్టి చాలామటుకు ఒంట్లోనుంచి పోతుంది. పాలలో ఏ కాస్తో మిగిలినా దానివల్ల పిల్లకి హాని లేదు. ముఖ్యమైన సంగతి ఇది. ఆ సూదులు యాంటీబాడీలను తయారుచెయ్యవు. పొదుగు తలుపు తీస్తాయి, అంతే. లోపలికి నడిచి వచ్చేది హోసా నెత్తురులో ముందునుంచీ ఉన్నదే. పాలు ధారకట్టడానికి ఇంకో హార్మోను ఉంది, అది వచ్చాక తలుపు మూసుకుంటుంది. అందుకే మొదటి పాలే చిక్కగా పచ్చగా ఉంటాయి.

డాక్టరుగారికి వేరే కవరులో మోతాదులు రాశాను. మందు డెన్మార్క్ నుంచి తెప్పిస్తారట, కాబట్టి ఇంగ్లీషుది కాదు. బెర్గ్‌స్వెయిన్ బాబాయిని గుండె నిమ్మళం చేసుకోమను.

నీ పని ఇది. సూదులు అయ్యాక పొదుగు గట్టిపడుతుంది. అప్పుడు దాన్ని ఒక పక్క పితుకు. తొందరపడకు, ఒలకనివ్వకు. ఆ పాలు సీసాలో పోసి చలిలో పెట్టు. పిల్ల పుట్టగానే గోరువెచ్చని నీళ్ళలో సీసా ముంచి పట్టు. పొయ్యి మీద మాత్రం పెట్టకు. వేడి తగిలిందా, అందులోని యాంటీబాడీలన్నీ చస్తాయి. జున్నులో రుచి ఉంటుంది, రక్షణ ఉండదు.

ఒప్పుకో అత్తా. నాకోసం కాదు, మూరా కోసం.

నీ గొర్రెపిల్ల
ఓద్నీ


స్టోరిబక్కి
మార్చి 5

ఓద్నీ,

నువ్వు చర్చి దగ్గర జుట్టు పట్టుకున్నది నిజమే గానీ గిల్లింది మాత్రం వాళ్ళే, నువ్వు కాదు. ఏడ్చుకుంటూ వచ్చావు. అయినా నీ ఉత్తరం చదివాక కడుపు చల్లబడింది. ఇక ఆ మాట ఎత్తను. నువ్వూ ఎత్తకు.

డాక్టరు వారంపాటు వచ్చి సూదులు వేశాడు. రెండుసార్లు కారు మంచులో దిగబడితే బెర్గ్‌స్వెయిన్ ట్రాక్టరుతో లాగాడు. "ఏంటి హల్బేరా, హోసాకి జబ్బా?" అని అడిగాడు. "అవును, వయసు జబ్బు" అన్నాను. ముసలి ఒట్టి గొర్రెకి పాలు తెప్పిస్తున్నానని తెలిస్తే రాజధాని దాకా టముకు వేస్తాడు.

నాలుగోరోజునుంచి హోసా మారిపోయింది. ఇదివరకు దాణా తొట్టి దగ్గర ఎవరినైనా కుమ్మి తోసేసేది. ఇప్పుడు మూల గడ్డి తవ్వుకుని, గుండ్రంగా తిరిగి పడుకుని, సన్నగా గొణుగుతోంది, ఈనబోయేదానిలాగా. నేను వెళ్తే నా చేయి నాకింది. పదేళ్ళలో అది నన్ను నాకలేదు. ఓద్నీ, నాకు భయం వేసింది, నవ్వొచ్చింది, ఇంకేదో కూడా అయింది. దాని పక్కనే కూర్చుని చెవులు గీరాను.

పొదుగు నిండింది, చన్నులు మెరుస్తున్నాయి. నువ్వు చెప్పినట్టే మొన్న ఒక పక్క పితికాను. ఎడమ పక్క. పావు సీసా పైన వచ్చింది, పచ్చగా, తేనెలాగా. కుడి పక్క ముట్టుకోలేదు. ఎందుకు ఒక పక్కే పితకమన్నావో అర్థం కాలేదు గానీ చదువుకున్నదానివి, ఏదో ఉండే ఉంటుంది. సీసా వంటింటి కిటికీ బయట మంచులో పాతిపెట్టాను.

మూరా నడుం దిగింది. ఇంకెంతో దూరం లేదు.

అత్త


ఎడింబరో
మార్చి 13

అత్తా!!

ఒక పక్కేంటి? ఒక పక్క అంటే మందలోంచి తీసి పక్కకి తీసుకెళ్ళి పితకమని! మిగతావి తోసుకుంటే పాలు ఒలికిపోతాయని! ఒక చన్నే పితకమని ఎవరైనా చెప్తారా? రెండో పక్క పాలు అలాగే నిలవుంటే వాపు రావచ్చు, యాంటీబాడీలు వెనక్కి పోవచ్చు, ఏమవుతుందో నాకూ తెలియదు. మేం ఎప్పుడూ అలా వదిలెయ్యలేదు.

ఫోన్ చేశాను. మంచుకి తీగలు తెగాయన్నారు. టెలిగ్రాం ఇద్దామంటే ఏమని రాయను, "కుడి చన్ను పితుకు" అనా? మీ పోస్టుమాస్టరు ఆ కాగితాన్ని అద్దం పెట్టించి గోడకి తగిలిస్తాడు.

ఈ ఉత్తరం అందేలోపు పిల్ల పుట్టే ఉంటుంది. పావు సీసా చాలదు అత్తా, కనీసం సీసా ఉండాలి. రెండో పక్క కూడా అప్పుడే పితికి ఉంటే బాగుండేది. తప్పు నాదే, సరిగ్గా రాయలేదు. నిద్ర పట్టడం లేదు. ఏమైందో వెంటనే రాయి. ఏమైనా సరే, రాయి.

ఓద్నీ


స్టోరిబక్కి
మార్చి 12

ఓద్నీకి,

నిన్నటి సంగతి ఇది.

నిన్న పొద్దున్న మూరా పడుకుని లేస్తూ, పడుకుని లేస్తూ ఉంది. నేను మంచులోంచి సీసా తవ్వి తెచ్చి, వంటింట్లో గిన్నెడు గోరువెచ్చని నీళ్ళలో పెట్టి కొట్టానికి పరిగెత్తాను. పిల్ల కాళ్ళు రెండూ కనిపిస్తున్నాయి, తల వెనక్కి మడుచుకుని ఉంది. చెయ్యి పెట్టి తల తిప్పి లాగేసరికి చాలాసేపు పట్టింది. వచ్చింది ఆడపిల్ల. గోధుమరంగు ఒళ్ళు, కుడి వెనకకాలికి మాత్రం తెల్లటి మేజోడు, హోసా పోలికే. ఊపిరి లేదు. గడ్డిపరకతో ముక్కులో కెలికాను, ఒళ్ళంతా రుద్దాను, తిట్టాను కూడా. చివరికి తుమ్మింది.

దాన్ని గోనెపట్టాలో చుట్టి, గడ్డిమీద పడుకోబెట్టి, పాలకోసం ఇంట్లోకి పరిగెత్తుకొచ్చాను. తలుపు తీసేసరికి దాల్చినచెక్క వాసన.

బెర్గ్‌స్వెయిన్! స్కీల మీద వచ్చాడట. నేను కనిపించలేదట. గిన్నెలో పెట్టిన సీసాలో పచ్చటి ముర్రుపాలు కనిపించాయట. "పాపం హల్బేరా, వంట మొదలుపెట్టి పనిమీద వెళ్ళింది" అనుకుని, ఉప్పు వేసి, మూతపెట్టి, మరిగే నీళ్ళలో ఉడకబెట్టేశాడు. రెండు పళ్ళేలు కడిగి బల్లమీద పెట్టాడు. మధ్యలో జున్ను, ముద్దగా, వణుకుతూ. చక్కెర డబ్బా కూడా వెతికి తీశాడు!

"కూర్చో హల్బేరా, వేడివేడిగా ఉంది. మార్చిలో జున్ను! ఏ గొర్రె ఈనింది?" అన్నాడు నవ్వుతూ.

నేను ఏమన్నానో రాయను. చర్చి పాస్టరు వింటే నన్ను మళ్ళీ లోపలికి రానివ్వడు. తిడుతూనే ఏడుపొచ్చేసింది. "అది మూరా పిల్ల ప్రాణం బెర్గ్‌స్వెయిన్! నువ్వు వండింది దాని ప్రాణం" అన్నాను. హోసా, సూదులు, నువ్వు, అంతా చెప్పేశాను. ఆయన చెంచా బల్లమీద పెట్టేశాడు. "నాకెవరు చెప్పారు? ముర్రుపాలు చూస్తే మా ఇంట్లో జున్నే కదా..." అన్నాడు. నిజమే. ఈ లోయలో ఎవరైనా అదే చేస్తారు. నేనైనా అదే చేసేదాన్ని, చేశాను కూడా.

అప్పుడు గుర్తొచ్చింది, కుడి పక్క.

నీ ఉత్తరం ఎంత మంచిదే ఓద్నీ! ఒక పక్కే పితకమని ఎందుకన్నావో అప్పుడర్థమైంది. ఇలాంటి తెలివితక్కువ ముసలాడు ఒకడు పక్కింట్లో ఉన్నాడని నీకు తెలుసు కదా, అందుకే సగం దాచి ఉంచమన్నావు!

కొట్టానికి ఇద్దరం పరిగెత్తాం. హోసా కుడి పక్క రాయిలా బిగిసి ఉంది. బెర్గ్‌స్వెయిన్ దాని మెడ పట్టుకున్నాడు, నేను పితికాను. మొదటి ధార రాలేదు. చన్ను కొసకి మైనంలాంటి అడ్డు ఉంది, అది తీసేసరికి, అమ్మాయీ, ఎడమ పక్కకంటే చిక్కటి పాలు! సీసా నిండింది. పిల్లకి చప్పరించే ఓపిక లేదు. చెంచాతో నాలుక మీద వేస్తూ, గొంతు నిమురుతూ పట్టాను. మిగిలిన సీసా చల్లారిపోకుండా బెర్గ్‌స్వెయిన్ చొక్కాలో చంకకింద పెట్టుకుని కొట్టంలోనే కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా కదలలేదు. "నేను పాపం చేశాను, నేనే కాపలా ఉంటాను" అన్నాడు. మొదటిసారిగా నోరు మూసుకుని కూర్చోవడం చూశాను.

సాయంత్రానికి పిల్ల లేచి నిలబడింది. మూరా దాన్ని ఓసారి వాసన చూసి గడ్డి దగ్గరికి పోయింది. హోసా మాత్రం కంచె మీంచి తల చాపి అరుస్తూనే ఉంది. పిల్లని దాని ముందు పెట్టాను. గొణుక్కుంటూ తల నుంచి తోక దాకా నాకింది. పిల్ల తడుముకుంటూ కుడి చన్నే పట్టుకుంది.

జున్నుని ఏం చేశామంటావా? పారేస్తామా? రాత్రి భోజనంలో ఇద్దరం పంచుకుని తినేశాం. బాగుంది. ఆయనకి ఆ మాట చెప్పలేదు.

ఇక మూడోరోజు గడవాలి. నిరుటివి మూడోరోజే పోయాయి.

తా.క. మార్చి 16. మంచు వల్ల పోస్టు బండి రాలేదు, ఉత్తరం ఇక్కడే ఉండిపోయింది. మూడోరోజు గడిచింది. ఐదోరోజు కూడా. తోక పొడిగా ఉంది, పేడ పచ్చగా గట్టిగా ఉంది, బల్ల ఎక్కి దూకుతోంది. నీకు బంగారం లాంటి వార్త పేడ రూపంలో పంపుతున్నందుకు ఏమీ అనుకోకు.

అత్త


ఎడింబరో
మార్చి 26

అత్తా అత్తా అత్తా,

నీ ఉత్తరం మెట్ల మీదే నిలబడి చదివాను. జున్ను దగ్గరికి వచ్చేసరికి బాబాయిని తిట్టాను. కుడి పక్క దగ్గర గట్టిగా అరిచాను. మా ఇంటావిడ చేపల గొడవ తీరిపోయిందేమో అనుకుని పైకి పరిగెత్తుకొచ్చింది. "కాదండీ, పేడ గట్టిగా ఉందట!" అని చెప్తే ఐస్‌లాండ్ వాళ్ళకి పిచ్చి అని తీర్మానించుకుని వెళ్ళిపోయింది.

ఇప్పటికి నా 13వ తారీకు ఉత్తరం అందే ఉంటుంది. నా తెలివి ఎంతటిదో నీకు తెలిసిపోయి ఉంటుంది. నేను సగం దాచమనలేదు అత్తా. మాట సరిగ్గా రాయలేక, నువ్వు సరిగ్గా అపార్థం చేసుకుని, బాబాయి సరిగ్గా తప్పు చేసి, ముగ్గురం కలిసి ఆ పిల్లని బతికించాం. ఆయన వండకపోతే నువ్వు ఆ పావు సీసాతోనే సరిపెట్టేదానివి. ఒక్కరు తెలివిగా ఉన్నా చచ్చిపోయేది.

ఇంకోటి విను. ఎడమ పక్క పితికాక కూడా ముట్టుకోని కుడి పక్కలో అంత చిక్కటి పాలు అలాగే నిలిచాయంటే, తలుపు మూసేది ఒంట్లో తిరిగే హార్మోను ఒక్కటే కాదేమో, పితకడం కూడా ఏదో చేస్తోందేమో. ప్రొఫెసరుకి చెప్పాను. ఆయన పైపు నోట్లోంచి తీసి పక్కన పెట్టాడు. వచ్చే నెలనుంచి ఒకే గొర్రెలో ఒక పక్క పితికి, రెండో పక్క వదిలేసి పోల్చి చూద్దాం అన్నాడు. ఏమీ తేలకపోవచ్చు. కానీ రెండేళ్ళ తర్వాత మొదటిసారి పనికి వెళ్తుంటే కాళ్ళు బరువుగా లేవు. ల్యాబులో అందరూ "ఒక పక్క" అని ఐస్‌లాండ్ భాషలో అనడం నేర్చుకున్నారు. ఘోరంగా పలుకుతారు.

ఒక మాట నువ్వు ఎత్తొద్దన్నావు, నేను ఎత్తుతున్నాను. సూదులు తలుపు తీశాయి, అంతే. లోపలనుంచి వచ్చింది హోసా పదేళ్ళ బతుకు. మన కొట్టంలో అది ఏ రోగాన్ని తట్టుకుందో, ఏ చలిని, ఏ మురికిని తట్టుకుందో, ఆ తట్టుకున్నదంతా పాలలో దిగింది. ఇక్కడి ఏ మంచి గొర్రె పాలు తెచ్చి పోసినా మన కొట్టం జబ్బుకి ఇంతగా పనికొచ్చేవి కావు. అది కనకపోయినా పిల్లకి ఇవ్వాల్సింది దాని దగ్గర ఉంది. నీ దగ్గర ఉన్నట్టే. చిన్నప్పుడు నువ్వు నాకు పట్టింది పొడిపాలే కావచ్చు. ఈ ఊళ్ళో ఒంటరిగా తట్టుకుంటున్నది మాత్రం వాటితో కాదు.

పిల్లకి పేరు నేను పెట్టొచ్చా? ఒంటి మేజోడు కాబట్టి లేయ్‌స్తా.

నీ ఓద్నీ


స్టోరిబక్కి
సెప్టెంబరు 20

ఓద్నీకి,

ఇన్నాళ్ళూ పొట్టి చీటీలు తప్ప రాయలేదని అలిగావట. ఎండుగడ్డి కోతలు, పైన వాన, చేతికి ఖాళీ లేదు. చేపల గొడవ తీరిపోయింది కాబట్టి బెర్గ్‌స్వెయిన్‌కి తిట్టడానికి ఎవరూ దొరక్క ప్రభుత్వాన్ని తిడుతున్నాడు. నీ 13వ తారీకు ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. "అంటే నేను వండకపోతే..." అని మొదలుపెట్టాడు. "నోరు ముయ్" అన్నాను.

మొన్న కొండమీదనుంచి మందల్ని దించాం. రెండోరోజు మధ్యాహ్నం పైన మబ్బు దిగింది, మంచు మొదలైంది. గుర్రాలమీద ఉన్నవాళ్ళు దారి తప్పారు. హోసా ముసలిదై కొట్టంలోనే ఉండిపోయింది, మూరా ఎక్కడో వెనకాల చిక్కుకుంది. కింద మేమందరం నిలబడి చూస్తున్నాం. ఎవరికీ ఏమీ కనిపించడం లేదు. ఇంతలో బూడిదరంగులోంచి ముందుగా ఒక చిన్న గోధుమరంగు తల వచ్చింది. వెనకాల మంద, దాని వెనకాల గుర్రాలు. ఆరు నెలల పిల్ల ఓద్నీ! ఎవరూ నేర్పలేదు. వాగు దగ్గర ఆగి, లోతు తక్కువగా ఉన్న చోటు వెతికి, కాలు పెట్టి చూసి, దాటింది. మంద అంతా దాని వెనకే దాటింది. నేను ఏడుస్తున్నానని ఎవరికీ తెలియలేదు, అందరి ముఖాలూ తడిగానే ఉన్నాయి.

దొడ్డిలో గొర్రెల్ని విడదీసేటప్పుడు పైలోయ ఆసామి ఒకాయన లేయ్‌స్తా చెవి కత్తిరింపు తడిమి చూసి, మన గుర్తు పోల్చుకుని, ఆ గోలలో అరిచి అడిగాడు.

"హల్బేరా! ఇది దేని పిల్ల?"

"హోసా పిల్ల" అన్నాను.

"హోసా ఒట్టిది కదా?"

"మూరా కంది. పిల్ల మాత్రం హోసాదే" అన్నాను.

ఆయన బెర్గ్‌స్వెయిన్ వైపు చూశాడు. బెర్గ్‌స్వెయిన్ ఏదో వెక్కిరిస్తాడనుకున్నాను. ఆయన టోపీ సర్దుకుని, "అవును, హోసా పిల్లే" అన్నాడు. తర్వాత నా పక్కకి వచ్చి, గేటు మూస్తూ, "మరి నీ పిల్ల ఎప్పుడొస్తుంది?" అని అడిగాడు.

మేనకోడలు అనలేదు. నేనూ దిద్దలేదు.

మే నెలలో మిగతావి ఈనినప్పుడు ముర్రుపాలు నాలుగు సీసాలు దాచాను. ఫ్రీజరు తాళంచెవి మెడలో వేసుకు తిరుగుతున్నాను. మూడు సీసాలు గొర్రెపిల్లలకి. నాలుగోది నువ్వు వచ్చాక జున్నుకి.

నీ
హల్బేరా